ఇసుక దిబ్బలు, సముద్రం, ద్రాక్ష తోటలు: అనంతపురం నుంచి దంపతుల కారు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

కొత్తగా పెళ్లైన జంటలూ, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక కొంత తీరిక చిక్కిన దంపతులూ తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. సొంత కారులో, తామిద్దరే నడుపుకొంటూ, ఎడారి లాంటి నేలనూ సముద్రాన్నీ వైన్ తయారుచేసే ద్రాక్ష తోటలనూ ఒకే విడతలో చూసి రావడం ఎలా అని. ఇందుకోసం రాజస్థాన్, గోవా, నాసిక్ చుట్టి రావలసిన అవసరం లేదు. అనంతపురం జిల్లా పడమటి అంచున వేదవతి ఒడ్డు ఇసుక దిబ్బలు, తూర్పున నెల్లూరు తీరం, దక్షిణాన నంది కొండల కింది ద్రాక్ష తోటలు ఒక చుట్టు తిరిగితే అందే దూరంలోనే ఉన్నాయి. నంది కొండల్లో పుట్టి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే 597 కి.మీ. పెన్నా నది ఈ దారి పొడవునా పదే పదే కనిపిస్తుంది.

ఈ ప్రయాణంలో చూడవలసిన చోట్ల జాబితా కంటే గడియారమే ముఖ్యం. ఇసుక తెల్లవారుజామున చూడవలసినది, సముద్రం ఉదయం పూట చూడవలసినది, ద్రాక్ష తోట మధ్యాహ్నానికి ముందు చూసి ఆ పూట ఇక స్టీరింగ్ పట్టకుండా ఉండవలసినది. ఈ వేళలు తారుమారైతే అవే చోట్లు ఎండగా, రద్దీగా, అలసటగా మిగులుతాయి. కింది క్రమమంతా ఈ లెక్క మీదనే సాగుతుంది.

1. ముందు నెల ఎంచుకోండి, తేదీలు ఆ తర్వాత

మూడు నేలలకూ కలిసి వచ్చే కాలం జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు మాత్రమే. మార్చి మధ్యకు వచ్చేసరికి అనంతపురం, కడప ఎండలు పగటి ప్రయాణాన్ని శిక్షగా మారుస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు వీచే బలమైన గాలులకు ఇసుక కళ్లు తెరవనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు నెల్లూరు తీరాన్ని తాకే కాలం. ఫిబ్రవరిలో ఇసుక చల్లగా ఉంటుంది, పులికాట్‌లో వలస పక్షులు ఇంకా ఉంటాయి, నంది కొండల కింద ద్రాక్ష కోతలు మొదలవుతాయి.

ఆ నెలలో తప్పించవలసిన వారం ఒకటుంది. మహాశివరాత్రి ముందూ వెనకా శ్రీకాళహస్తి దారి, అక్కడి బసలు కిక్కిరిసిపోతాయి. పంచాంగం చూసి ఆ రోజులను వదిలేయండి. నంది కొండలు శని, ఆదివారాల్లో బెంగళూరు జనంతో నిండిపోతాయి కాబట్టి ప్రయాణంలోని ఆరో, ఏడో రోజులు మంగళ, బుధ, గురువారాల్లో పడేలా వెనక్కి లెక్క వేసుకొని బయలుదేరే రోజును నిర్ణయించండి.

2. దారి, రోజుల పంపకం

ఎనిమిది పగళ్లు, ఏడు రాత్రులు కేటాయించాలి. మొత్తం దూరం సుమారు 1,300 కి.మీ.; పక్కదారులు, ఊళ్లలో తిరుగుళ్లు కలిపి 1,400గా లెక్క వేసుకోండి. కారు లీటరుకు 15 కి.మీ. ఇస్తే 93 లీటర్ల దాకా ఇంధనం కావాలి.

• మొదటి రోజు: అనంతపురం – ఉరవకొండ – కణేకల్లు – బొమ్మనహాళ్ ఇసుక దిబ్బలు – గుత్తి – తాడిపత్రి. బస తాడిపత్రిలో.
• రెండో రోజు: తాడిపత్రి – బెలుం గుహలు – జమ్మలమడుగు – గండికోట. బస గండికోటలో.
• మూడో రోజు: గండికోట – ప్రొద్దుటూరు – మైదుకూరు – బద్వేలు – ఆత్మకూరు – నెల్లూరు. బస నెల్లూరులో.
• నాలుగో రోజు: మైపాడు తీరం, విశ్రాంతి. బస నెల్లూరులోనే.
• ఐదో రోజు: నెల్లూరు – నేలపట్టు – సూళ్లూరుపేట – పులికాట్ – నాయుడుపేట – తిరుపతి.
• ఆరో రోజు: తిరుపతి – మదనపల్లె – చింతామణి – చిక్కబళ్లాపుర. బస నంది కొండల చుట్టుపక్కల.
• ఏడో రోజు: నంది కొండలు, ద్రాక్ష తోటలు. బస అక్కడే.
• ఎనిమిదో రోజు: దొడ్డబళ్లాపుర – గౌరిబిదనూరు – హిందూపురం – లేపాక్షి – పెనుకొండ – అనంతపురం.

కర్నూలు వారు 44వ జాతీయ రహదారి మీద గుత్తి దాకా వచ్చి ఈ దారిలో కలవవచ్చు. కడప వారు ఇసుక దిబ్బలను వేరొక వారాంతానికి వాయిదా వేసి, జమ్మలమడుగు దగ్గర రెండో రోజు దారిలో కలిసినా నష్టం లేదు.

సెలవులు ఐదు రోజులే దొరికితే ఎనిమిది రోజుల దారిని ఐదింటిలో కుక్కకండి. గండికోట, నెల్లూరు ఒక విడతగా, లేపాక్షి, నంది కొండలు మరో విడతగా వెళ్లండి. రోజుకు ఆరు గంటలకు మించి నడిపిన ప్రయాణంలో భార్యాభర్తలకు గుర్తుండేది రోడ్డు మాత్రమే.

ద్రాక్ష తోటలను చివర ఉంచడానికి గట్టి కారణాలున్నాయి. అక్కడి నుంచి ఇల్లు ఒక పూట దూరం. తిరుపతిలో కొండ ఎక్కాలని మనసు పుడితే, మద్యం నిషిద్ధమైన తిరుమలకు అలిపిరి తనిఖీలో సంకోచం లేకుండా వెళ్లవచ్చు. అలసిన శరీరానికి నంది కొండల చల్లదనం చివర్లో దొరకడం మూడో కారణం.

3. కారును సిద్ధం చేయడం

బయలుదేరడానికి పది రోజుల ముందే సర్వీసింగు చేయించండి. ముందు రోజు చేయిస్తే, బిగించని నట్టు ఏదైనా దారిలోనే బయటపడుతుంది. సర్వీసింగు తర్వాత కనీసం వంద కిలోమీటర్లు ఊరి చుట్టూ నడిపి చూడాలి.

టైర్లలో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీ మీద రాసి ఉంటుంది. సామాను నిండా ఉన్నప్పటి అంకె వేరుగా ఉంటుంది, దాన్నే పాటించండి. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి అప్పుడు తగ్గిస్తే, మర్నాడు ఉదయానికి టైరు మెత్తబడి ఉంటుంది. స్టెప్నీలో గాలి చూడకుండా బయలుదేరేవారే ఎక్కువ. పంక్చరైన చోట ఆ స్టెప్నీ కూడా చప్పబడి ఉంటే అరపూట పోయినట్టే.

☐ కూలెంట్, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, వైపర్ నీళ్లు
☐ జాకీ, వీల్ స్పానర్, కారు సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు
☐ టార్చి, ప్రతిఫలించే త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె
☐ ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సులు, ఆర్సీ, ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం (డిజీలాకర్‌లో ఉన్నవి చెల్లుతాయి, సిగ్నల్ లేని చోట్ల కోసం జిరాక్సులు కూడా ఉంచండి)
☐ ఇద్దరి ఆధార్ కార్డులు, ఎందుకంటే బసల్లో ఇద్దరివీ అడుగుతారు
☐ ఫాస్టాగ్‌లో డబ్బు. తరచుగా తిరిగేవారికి 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న వార్షిక పాసు (మొదట్లో ధర 3,000 రూపాయలు) జాతీయ రహదారుల టోల్‌గేట్లలో 200 సార్ల వరకు లేదా ఏడాది వరకు పనికొస్తుంది. రాష్ట్ర రహదారుల టోళ్లకు వర్తించదు
☐ దారి మొత్తం ఆఫ్‌లైన్ మ్యాపు ఇద్దరి ఫోన్లలోనూ

మూడు నంబర్లు ఇద్దరికీ నోటికి వచ్చి ఉండాలి: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సహాయానికి 1033.

4. ఇద్దరి మధ్య ముందే తేల్చుకోవలసినవి

కారులో గొడవలు ఎక్కువగా మూడు విషయాల మీద వస్తాయి: దారి, ఆకలి, డబ్బు. ఈ మూడింటినీ ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే రోడ్డు మీద నోరు జారవలసిన అవసరం రాదు.

స్టీరింగ్ పట్టినవారు మ్యాపు చూడరాదు, మ్యాపు చూసేవారు వేగం గురించి సలహా ఇవ్వరాదు. రెండు గంటలకొకసారి ఆగి సీట్లు మారండి. ఒకరికే లైసెన్సు ఉంటే రోజుకు 200 కి.మీ. దాటకుండా పంపకాన్ని సవరించుకుని ఇంకో రెండు రాత్రులు కలపాలి. డబ్బును ఒకే ఖాతాలో ముందే వేసి అందులోంచే ఖర్చు పెట్టండి. బంకు దగ్గరా హోటలు దగ్గరా లెక్కలు తేల్చుకోవడం ఉండదు.

ఆడవారికి మరుగుదొడ్ల ఇబ్బంది నిజమైన సమస్య. చాలామంది దీనికి భయపడి నీళ్లు తాగడం మానేసి, మధ్యాహ్నానికి తలనొప్పితో కూర్చుంటారు. పెద్ద బంకులు, టోల్‌గేట్లు, ఊళ్లలోని మంచి హోటళ్లను ముందు రాత్రే మ్యాపులో గుర్తుపెట్టుకొని, అవసరం అనిపించక ముందే ఆగడం అలవాటు చేసుకోండి. ఆగాలా వద్దా అన్న చర్చ పెట్టకుండా ఆపడం నడిపే భర్త బాధ్యత.

తిండికి చిత్రాన్నం మొదటి పూటకే పనికొస్తుంది. ఆ తర్వాతి రోజులకు నిప్పట్లు, ఓళిగలు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఉంచుకోండి. నూనె కారే బజ్జీలు తిని ఘాట్ రోడ్డు ఎక్కకండి.

5. ఇసుక దిబ్బల దగ్గర

అనంతపురం నుంచి తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాలి. ఉరవకొండ మీదుగా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతానికి చేరేసరికి సూర్యుడు పైకి వస్తూ ఉంటాడు. హగరి అని కూడా పిలిచే వేదవతి నది ఏటిలోని ఇసుకను రుతుపవన గాలులు ఏటేటా ఎత్తి ఒడ్డున పోయడం వల్ల దర్గాహొన్నూరు చుట్టుపక్కల ఈ దిబ్బలు ఏర్పడ్డాయి.

ఒక మాట మనసులో ఉంచుకోండి. ఇసుక మేట వేసిన ప్రతి ఎకరమూ ఎవరో ఒక రైతు పొలం. కొన్ని చోట్ల దిబ్బల మధ్యనే పైరు ఉంటుంది. దగ్గర్లో ఎవరు కనిపిస్తే వారిని అడిగి, పైరు తొక్కకుండా నడవండి. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా అక్కడ వదిలి రావద్దు.

చేయవలసిన క్రమం ఇది:

(అ) కారును తారు రోడ్డు పక్కన గట్టి నేల మీదనే ఆపండి. మామూలు చిన్న కారును ఇసుకలోకి దించరాదు. వాన పడిన మర్నాడైతే నల్లరేగడి మీదకు కూడా దించరాదు. అది ఇసుక కంటే గట్టిగా చక్రాన్ని పట్టుకుంటుంది.

(ఆ) చెరొక లీటరు నీళ్లు, టోపీ, పూర్తిగా మూసిన బూట్లు వేసుకొని నడవండి. ముళ్లు ఇసుకలో కప్పబడి ఉంటాయి.

(ఇ) దిబ్బ అంచు వెంట ఎక్కండి. గాలి వీచే వైపు ఇసుక గట్టిగా ఉంటుంది, మరుగు వైపు జారుతుంది.

(ఈ) ఫోటోలకు ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య వెలుగు మంచిది. తొమ్మిదిన్నరకు వెనక్కి తిరగాలి.

చక్రం ఇసుకలో దిగబడితే ముందుగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. తొక్కే కొద్దీ చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. దిగి, చక్రాల ముందూ వెనకా ఇసుకను చేత్తో తోడి, టైర్లలో గాలిని 20 పీఎస్ఐ వరకు తగ్గించి, ఇంజిన్ తిప్పే చక్రాల కింద (చిన్న కార్లకు ఇవి సాధారణంగా ముందువే) కారులోని కాలిపట్టాలను దూర్చి, వచ్చిన దారినే రివర్సు గేరులో మెల్లగా వెనక్కి రావాలి. ఆ సమయంలో రెండోవారు కారు వెనక నిలబడకూడదు, పక్కన దూరంగా ఉండాలి. గట్టి నేల మీదకు రాగానే గాలి పంపుతో మళ్లీ నింపుకోవాలి. తగ్గించిన గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

గుత్తి మీదుగా మధ్యాహ్నానికి తాడిపత్రి చేరి, భోజనం చేసి పడుకోండి. ఆ రోజు మీటరు 200 కి.మీ. దాటి ఉంటుంది. సాయంత్రం చల్లబడ్డాక పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్లో చింతల వెంకటరమణ ఆలయం చూస్తే మొదటి రోజుకు అది చాలు.

6. బెలుం, గండికోట

తాడిపత్రి నుంచి బెలుం సుమారు 30 కి.మీ. ఈ దారిలో సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు బరువుగా, నెమ్మదిగా వెళ్తుంటాయి. ముందున్న లారీ కుడి ఇండికేటరు వేస్తే అది మీకు దారి ఇవ్వడమో, తాను మలుపు తిరగడమో తేలే వరకు దాటకండి.

గుహలు 3,229 మీటర్ల పొడవు. సందర్శకులను సుమారు కిలోమీటరున్నర దాకా అనుమతిస్తారు. లోపల ఉక్కపోత ఎక్కువ. ఉదయం పదికి తెరవగానే వెళ్తే రద్దీ ఉండదు, గాలి కూడా నయంగా ఉంటుంది. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు గుహల్లో అన్నిటికంటే లోతైన చోటైన పాతాళగంగ వరకు దిగకుండా పై భాగం చూసి వెనక్కి రావడం మంచిది. చెమటకు తడిసే పలుచటి నూలు బట్టలు వేసుకోండి, మరో జత కారులో ఉంచండి.

మధ్యాహ్నం మూడున్నరకు గండికోట చేరాలి. బస ముందే ఖాయం చేసుకోనిదే అక్కడికి వెళ్లవద్దు. చీకటి పడ్డాక జమ్మలమడుగుకు వెనక్కి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. సాయంత్రం మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం చూసి, లోయ అంచును మర్నాటి తెల్లవారుజాముకు వదిలేయండి. పెన్నా మీద ఎర్రటి రాతి గోడలకు తొలి వెలుగు తగలడం చూడటానికే ఈ రాత్రి ఇక్కడ ఉంటున్నది.

లోయ అంచున చాలా చోట్ల కంచె లేదు. మంచు పడిన రాళ్లు జారుతాయి. ఒకరు ఫోటో తీస్తుండగా రెండోవారు వెనక్కి అడుగులు వేయరాదు. నిలబడవలసిన చోటును ముందే చూసి, కూర్చుని తీయించుకోండి. నీటి దాకా దిగే కాలిబాటలను స్థానికుల తోడు లేకుండా పట్టవద్దు.

7. రాళ్ల సీమ నుంచి తీరానికి

మూడో రోజు గండికోట నుంచి నెల్లూరు సుమారు 225 కి.మీ. జమ్మలమడుగు నుంచి నెల్లూరు దాకా 67వ జాతీయ రహదారి ఒక్కటే పట్టుకుంటే చాలు. తూర్పుకు వెళ్తున్నాం కాబట్టి పొద్దున్నే బయలుదేరితే సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు. తొమ్మిది తర్వాత కదలండి. ఇదే లెక్కతో, పడమరకు నడిపే ఆరో రోజు మధ్యాహ్నం మూడింటికల్లా ప్రయాణం ముగించాలి.

ప్రొద్దుటూరులో కారం దోసె తిని, బద్వేలులో ట్యాంకు నింపండి. బద్వేలు దాటాక వెలిగొండ కొండలు. బంకులు, సిగ్నలు రెండూ పలుచబడతాయి. ఈ కాలంలో రోడ్డు సగం మీద కందులో, ధాన్యమో ఆరబోసి ఉండవచ్చు. గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకుండా ఆగండి, కాపరి తానే దారి చేస్తాడు. సూర్యాస్తమయం తర్వాత ఈ రోడ్డు మీద ఉండరాదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు చీకట్లో కనబడవు.

8. మైపాడు తీరం

నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కి.మీ. సూర్యోదయానికి అరగంట ముందు అక్కడ ఉండి, తొమ్మిదింటికి వెనక్కి వచ్చేయండి.

మన సీమ వారికి సముద్రంతో పరిచయం తక్కువ. చెరువు లోతు తెలిసినట్టు అల లోతు తెలుస్తుందనుకోవడమే ప్రమాదం. వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. మోకాళ్లు దాటి దిగరాదు, ఒకరు నీళ్లలో ఉంటే మరొకరు ఒడ్డున ఉండాలి. ఒకవేళ ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఎర్ర జెండా ఉన్నా, జాలర్లు పడవలు దించకపోయినా నీళ్ల జోలికి వెళ్లవద్దు.

కారును ఇసుక మీద ఆపకండి. నగరానికి రాగానే మంచినీటితో కారు కింది భాగాన్ని కూడా కడిగించాలి. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది.

మిగిలిన రోజంతా ఖాళీగా ఉంచండి. నెల్లూరు చేపల పులుసు తిని మధ్యాహ్నం నిద్రపోవడం కూడా ఈ ప్రణాళికలో భాగమే. ఎనిమిది రోజుల ప్రయాణం నిలబడేది ఈ ఒక్క సగం రోజు విశ్రాంతి మీదనే కాబట్టి, ఇక్కడ ఇంకో గుడి, ఇంకో తీరం చేర్చాలనే ఆశను అణచుకోండి.

9. నేలపట్టు, పులికాట్

నెల్లూరు నుంచి 16వ జాతీయ రహదారి మీద దక్షిణంగా వస్తే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం. నీటిలో నిలిచిన కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతుంటాయి. తెల్లటి, ఎర్రటి బట్టలు వద్దు, బైనాక్యులర్ తప్పనిసరి, ఫోనులో పాటలు పెట్టకండి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. అటకానితిప్ప దాకా వెళ్లి ఫ్లెమింగోలను చూసి వెనక్కి రావాలి. ఆపైన రాకెట్ కేంద్రం కాబట్టి అనుమతి లేనిదే పంపరు. ప్రయోగం ఉన్న రోజున ఈ రోడ్డు మీద ఆంక్షలు ఉంటాయి, తేదీ చూసుకొని వెళ్లండి.

10. తిరుపతి మీదుగా పడమరకు

తిరుపతి దాకా వెళ్లి స్వామి దర్శనం చేసుకోకుండా ఎలా వస్తారని ఇంట్లో పెద్దలు అడుగుతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. అది చేతిలో ఉంటే ఒక రోజు అదనంగా కలుపుకోండి. లేకపోతే దర్శనాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోవడమే స్వామికీ మీకూ న్యాయం.

తిరుపతి నుంచి నంది కొండల ప్రాంతం సుమారు 245 కి.మీ. ఉదయం ఏడింటికి బయలుదేరి, మదనపల్లెలో భోజనం చేయండి.

11. ద్రాక్ష తోటల్లో

చిక్కబళ్లాపుర, దొడ్డబళ్లాపుర ప్రాంతాల్లో రెండు రకాల ద్రాక్ష కనిపిస్తుంది. తినడానికి, రసానికి వాడే నల్లటి బెంగళూరు బ్లూ ఒకటి. దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది. కాబర్నే సావిన్యాన్, షిరాజ్, సావిన్యాన్ బ్లాంక్ లాంటి వైన్ రకాలు రెండోవి. వైన్ తోటల్లో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒకే కాపు తీసుకుంటారు. 1988లో మొదలై ఇప్పుడు గ్రోవర్ జంపాగా ఉన్న సంస్థ తోటలు దొడ్డబళ్లాపుర దగ్గర రఘునాథపురలో ఉన్నాయి.

ఉదయం నంది కొండ మీద సూర్యోదయం చూసుకోవచ్చు. ఘాట్ రోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి; దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టకుండా, ఎక్కిన గేరులోనే దిగండి. కోతుల ముందు తినుబండారాల సంచి తెరవవద్దు.

తోట సందర్శనకు క్రమం ఇది:

(అ) రెండు వారాల ముందే ఫోన్ చేసి వేళ ఖాయం చేసుకోండి. ఆ రోజు మద్యనిషేధ దినం కాదని చూసుకోండి. పదకొండింటి వేళ అయితే ఎండ ముదరక ముందే తోటలో నడవడం అయిపోతుంది.

(ఆ) మీ కారును బసలోనే వదిలి, అక్కడి టాక్సీ మాట్లాడుకోండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండవచ్చు. ఒకరు తాగి మరొకరు నడపడం కూడా కుదురుతుంది, అయితే అప్పుడు రెండోవారికి ఆ రోజు మిగిలేది కాపలా పని.

(ఇ) కడుపు నిండా టిఫిన్ తిని వెళ్లండి. కారం, పచ్చళ్లు, వెల్లుల్లి ఆ పూట మానితే నాలుకకు రుచి తెలుస్తుంది. బలమైన అత్తరు, మల్లెపూలు కూడా వాసనను కమ్మేస్తాయి.

(ఈ) రుచి చూసే వరుస: ముందు తెల్ల వైన్, తర్వాత గులాబీ రంగుది, ఆపైన ఎరుపు, తీపిది చివర. గ్లాసును కాడ దగ్గర పట్టుకొని, రంగు చూసి, మెల్లగా తిప్పి, వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో నిలపండి. పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం అక్కడ మర్యాదే. ప్రతి రకానికీ మధ్య నీళ్లు తాగండి.

(ఉ) నచ్చింది, నచ్చలేదు అని ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకొని, తర్వాత పోల్చి చూసుకోండి. ముందే మాట్లాడుకుంటే ఒకరి అభిప్రాయం మరొకరి నాలుకను నడిపిస్తుంది.

తాగే అలవాటు లేని దంపతులు ఈ రోజును వదులుకోనక్కరలేదు. తోట నడక, ద్రాక్ష నలిపే యంత్రాలు, పీపాల గది చూడటానికి గ్లాసు పట్టనవసరం లేదు. దారి పక్కన బెంగళూరు బ్లూ గుత్తులు కొనుక్కొని తింటే ఆ నేల రుచి తెలుస్తుంది. ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేకపోతే బలవంతం చేయడం, ఎగతాళి చేయడం ఏ మాత్రం తగదు.

సీసాలు కొని ఆంధ్రకు తేవద్దు. ఒక రాష్ట్రం మద్యాన్ని అనుమతి లేకుండా మరో రాష్ట్రంలోకి తెస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది, సరిహద్దు చెక్‌పోస్టుల్లో తనిఖీలు ఉంటాయి. పైగా డిక్కీ వేడికి వైన్ పాడవుతుంది.

12. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

మధ్యాహ్నం ఇసుకకు చేరుకోవడం: దిగవద్దు, నేరుగా తాడిపత్రికి వెళ్లండి, ఎండలో ఫోటో కోసం నడిస్తే వడదెబ్బ తగులుతుంది.

ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎక్కడం: ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. అరగంటకు పైగా చల్లబడే వరకు రేడియేటర్ మూత తీయరాదు. ఆవిరి ముఖాన్ని కాలుస్తుంది.

ఒక రోజు ఆలస్యమై తర్వాతి బసలన్నీ తప్పడం: నెల్లూరులోని విశ్రాంతి రోజును వాడుకొని వెనకటి లెక్కకు రండి. అందుకే మూడో, నాలుగో రోజుల బసను ఒకే చోట, రద్దు చేసుకునే వీలుతో తీసుకోవాలి.

వాయుగుండం వార్త: తీరాన్ని వదిలి, గండికోట నుంచి కడప, రాయచోటి, మదనపల్లె మీదుగా నేరుగా నంది వైపు తిరగండి.

13. తిరుగు దారి, ఇంటికి వచ్చాక

ఎనిమిదో రోజు తొందర లేదు. గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా పది, పదకొండింటికి లేపాక్షి చేరి, పెద్ద నందినీ వేలాడే స్తంభాన్నీ చూసి, 44వ జాతీయ రహదారి ఎక్కితే సాయంత్రం లోపే అనంతపురం. ఈ రహదారి మీద వేగం తెలియకుండా పెరుగుతుంది. చివరి వంద కిలోమీటర్లు బాగా నిద్రపోయినవారే నడపాలి.

మర్నాడు చేయవలసినవి:

☐ కారు కింది భాగాన్ని మరోసారి కడిగించి, ఏసీ ఫిల్టర్, గాలి ఫిల్టర్ విప్పి ఇసుక దులిపించాలి
☐ టైర్ల అంచుల్లో కోతలు, రాళ్లు చూడాలి. స్టెప్నీ వాడి ఉంటే పంక్చర్ వేయించి తిరిగి పెట్టాలి
☐ ఫాస్టాగ్ లెక్కలో ఒకే టోల్‌గేటు రెండుసార్లు పడిందేమో చూసి, పడితే బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి
☐ ప్రథమ చికిత్స పెట్టెలో వాడిన మందులు నింపాలి
☐ రెండు ఫోన్లలోని ఫోటోలను ఒకే చోట భద్రపరచాలి